కరెంటు తీగెల మీది ప్లాస్టిక్ తొడుగు – పొగ భయము



విత్తనాలు, ఎరువులు, పురుగుల సంగతి చెప్పవలసినవాడు కరెంటు తీగెల సంగతి ఎందుకెత్తుకున్నాడని మీలో కొందరికి అనిపించవచ్చును. ఇవాళ తీగె లేనిదే సేద్యం లేదు గదా! బోరులోనికి దిగిన కేబులు, గట్టుమీది స్టార్టరు డబ్బా, పశువుల కొట్టంలో బల్బు, చొప్ప నరికే మిషను, పత్తి పోసుకున్న గదిలో ఫ్యాను – అన్నిటికీ తీగెలే. ఆ తీగెలో రాగి ఎంత ఉన్నదో, కిలో ఎంత పలుకుతున్నదో మనకు తెలుసు. రాగి మీది తొడుగు దేనితో చేసినదో మాత్రం అడగము. ఎర్రది కావాలి, నల్లది కావాలి అని రంగు చెప్పి తెచ్చుకుంటాము. ఈవేళ ఆ తొడుగును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను.

మరొక కారణం కూడా ఉన్నది. మన పల్లెలనుంచి ఎందరో పిల్లలు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్నారు. హాస్టలులో చోటు దొరికినవారు క్యాంపసులో ఉంటారు. దొరకనివారు, పోటీపరీక్షలకు కూర్చునేవారు తార్నాక, హబ్సిగూడ, లాలాపేట, మాణికేశ్వర్ నగర్ ప్రాంతాలలో గదులు అద్దెకు తీసుకొని ఉంటారు. తార్నాక అనే పేరే చూడండి. ఉర్దూలో తార్ అంటే తీగె, నాకా అంటే చౌకీ. నిజాముల నాడు అక్కడ ముళ్ళతీగె కట్టిన చౌకీ ఒకటి ఉండేదని, అందువల్ల ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ ముళ్ళతీగె ఇప్పుడు లేదు. దాని బదులు మేడమీద మేడ, గదిలో గది, గోడ పట్టుకొని ప్రాకిన వైర్లు ఉన్నవి. ఇంటిదగ్గర మనకు ఉన్న భయమే అక్కడ మన పిల్లలకూ ఉన్నది. పైగా వారికి బయటికి వచ్చే దారి మనకంటె ఇరుకు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం 1939లో ప్రారంభమైనది. ఆ కాలంలో ఇళ్ళలో వేసే కరెంటు తీగెలకు సాధారణంగా రబ్బరు తొడుగు, దానిమీద నూలు అల్లిక ఉండేవి. టేకుపట్టీలు గోడకు కొట్టి, వాటిమీద తీగెలు బిగించేవారు. రబ్బరు కొన్నేళ్ళకు ఎండి, పెళుసెక్కి రాలిపోయేది. ఆ తరువాత ప్లాస్టిక్కు వచ్చినది. తడికి నానదు, చవక, రంగులు పోయవచ్చును, వంచినట్లు వంగుతుంది. ఇవన్నీ నిజమైన మేళ్ళే. ప్లాస్టిక్కును తిట్టిపోయడానికి నేను ఈ ప్రసంగం చేయడం లేదు.

ఇళ్ళలో, పొలాల్లో వాడే వైర్ల తొడుగు ఎక్కువగా పాలీ వినైల్ క్లోరైడు, అంటే పి.వి.సి. మీ పొలంలో నీళ్ళు పారే పి.వి.సి. పైపు ఉన్నదే, ఆ జాతిదే. పైపు బిరుసుగా ఉంటుంది. వైరు తొడుగు వంగవలెను కాబట్టి దానిలో మెత్తబరచే నూనెవంటి ద్రవ్యం కలుపుతారు, సుద్దపొడి కూడా కలుపుతారు. పైపు ముక్కను మంటలో పెట్టి బయటికి తీస్తే ఆరిపోతుంది. నూనె కలిసిన తొడుగు అంత త్వరగా ఆరదు.

అసలు పి.వి.సి. బరువులో 100 పాళ్ళకు 57 పాళ్ళు క్లోరిన్. మన పాత పాఠ్యపుస్తకాలలో దీనినే హరితవాయువు అనేవారు. ఇది ఉప్పులోనుంచి తీసినది. మంట వ్యాపించకుండా పట్టి ఉంచే గుణం పి.వి.సి.కి ఈ క్లోరిన్ వల్లనే వచ్చినది. తీగె బాగా వేడెక్కి సుమారు 200 డిగ్రీలు దాటిందంటే ఆ క్లోరిన్ ఉదజనితో కలిసి బయటికి వస్తుంది. వచ్చేది హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి. కంటిలో నీరు తగిలినచోట, గొంతులో తడి తగిలినచోట అది ఆమ్లమై మండుతుంది. కళ్ళు తెరవలేము, దగ్గు ఆగదు, దారి కనపడదు. ఒక ముఖ్యమైన సంగతి: ఈ ఆవిరి రావడానికి మంట అక్కరలేదు. గోడలోపల, పైకప్పు మీద, మంట కనపడకముందే తీగె ఉడుకుతూ పొగ విడుస్తూ ఉండవచ్చును.

ఆ పొగలో ఇంకొకటి ఉంటుంది, కార్బన్ మోనాక్సైడు. దీనికి వాసన లేదు, రంగు లేదు, మంట లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే ఎర్రకణాలున్నవి గదా, అవి ప్రాణవాయువును పట్టుకొనేదానికంటె 200 రెట్లకు మించిన బలంతో ఈ వాయువును పట్టుకొంటవి. మనిషి నిద్రలోనుంచి లేవనే లేవడు. చాలా అగ్నిప్రమాదాలలో శవాలమీద కాలిన గుర్తు ఉండదు. పొగే ప్రాణం తీస్తుంది.

మనవారి సంగతులే చెబుతాను. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచినవి. 900 మెగావాట్ల కేంద్రమది. మన మోటార్లకు వచ్చే కరెంటులో కొంత అక్కడ పుట్టినదే. సొరంగం నిండా పొగ కమ్ముకొన్నది. రక్షించవచ్చినవారు గంటల తరబడి లోపలికి పోలేకపోయినారు. 9 మంది చనిపోయినారు. పనిలో ఆరితేరిన ఇంజనీర్లు, సిబ్బంది వారు. కరెంటు తెలియనివారు కారు. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో నిప్పంటుకొన్నప్పుడు పొగలో చిక్కి ఊపిరాడక చనిపోయిన 6 గురూ ఇరవై ఏళ్ళు దాటీదాటని పిల్లలు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలనుంచి ఉద్యోగానికి వచ్చినవారు. తార్నాకకు ఆ చోటు ఎంత దూరమని? 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంటిలో 17 మంది పోయినారు. వారిలో 8 మంది పసివాళ్ళు. ఇరుకుదారి, తెల్లవారుజాము నిద్ర, పొగ. ఈ చోట్ల కాలినవి తీగెలు మాత్రమే కావు, రకరకాల సామాను కాలినది. కాని మూడుచోట్లా మనుషులను ముందు పట్టుకొన్నది పొగ.

తీగెల తొడుగు ఒక్కటే కాలితే ఏమవుతుందో తెలియాలంటే న్యూయార్కు సంగతి వినాలి. 1975 ఫిబ్రవరి 27న అక్కడి టెలిఫోను ఎక్స్ఛేంజిలో, కేబుళ్ళు ఉండే నేలమాళిగలో నిప్పు పుట్టినది. సుమారు 1,70,000 టెలిఫోనులు మూగబోయినవి. ఆ రోజున ఒక్కరూ చనిపోలేదు. కాని ఆ పి.వి.సి. పొగ పీల్చిన అగ్నిమాపక సిబ్బంది తరువాత ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల జబ్బులతో బాధపడినారు.

ఇప్పుడు మన రైతులు తరచు అనే మాటకు వస్తాను. మా మండలంలో ఒక పెద్దాయన కొత్తగా ఇల్లు కట్టించినాడు. నన్ను పిలిచి, “సారూ, ఎఫ్.ఆర్. వైరే ఏపిచ్చిన. దుకాణపాయన నిప్పంటదన్నడు. ఇగ నాకు ఫికరు లేదు” అన్నాడు.

“కాకా, మంట పాకదు, నిజమే. పొగ రాదని చెప్పిండా?” అన్నాను.

“పొగ సంగతి నేనడగలే, ఆయన చెప్పలే” అన్నాడాయన.

అక్కడే ఉన్నది తిరకాసు. ఎఫ్.ఆర్. అంటే మంట ప్రాకడాన్ని ఆలస్యం చేసేది అని మాత్రమే అర్థం. మన చుట్టూ ఉన్న గాలిలో ప్రాణవాయువు 21 పాళ్ళు. ఎఫ్.ఆర్. తొడుగు కాలుతూ ఉండాలంటే కనీసం 29 పాళ్ళు కావాలని భారతీయ ప్రమాణం, ఐ.ఎస్. 694 చెబుతున్నది. అందుచేత దానంతటది మంటను ముందుకు తీసుకుపోదు. పక్కన పత్తి మండుతూ ఉంటే, గడ్డి మండుతూ ఉంటే, అది కూడా ఉడికి పొగ విడుస్తుంది. ఆ పొగ మామూలు పి.వి.సి. పొగవంటిదే.

దీనికంటె మేలైనది ఎఫ్.ఆర్. – ఎల్.ఎస్.హెచ్. అనే రకం. ఇదీ పి.వి.సి.యే. కాని దీని పొగకు, ఆమ్లానికి హద్దు పెట్టినారు. ఆమ్లవాయువు బరువులో 20 పాళ్ళకు మించరాదు, పొగ సాంద్రత కొలత 60 దాటరాదు. అంటే తక్కువ పొగ, తక్కువ ఆమ్లము. బొత్తిగా లేకుండా పోదు. మూడవ రకం హెచ్.ఎఫ్.ఎఫ్.ఆర్. దీనికి ఐ.ఎస్. 17048 అనే వేరే ప్రమాణం 2018లో వచ్చినది. ఇందులో క్లోరిన్ వంటివి వాడరు. వేడెక్కితే నీటి ఆవిరిని విడిచే ఖనిజపు పొడిని వేరే జాతి ప్లాస్టిక్కులో దట్టించి చేస్తారు. నేలక్రింద నడిచే రైళ్ళలో, ఓడలలో, ఆసుపత్రులలో ఇటువంటివాటికే మొగ్గు చూపుతారు. దీని పొగలో ఆమ్లం ఉండదన్నంత తక్కువ. కాని కాలినది ఏదైనా కార్బన్ మోనాక్సైడు పుట్టక మానదు. ఏ వైరు వేసినా పొగలో కూర్చోవచ్చునని మాత్రం అనుకోకండి.

ఖరీదు ఎక్కువే. అందుచేత ఇల్లంతా మార్చమని నేను అనను. మెట్లదగ్గర, మీటరు బోర్డునుంచి పైకిపోయే లైనుకు, పండుకొనే గదులకు మేలురకం వేయించండి. పొలంలో తెరపగాలికి ఉన్న తీగెకు అంత అవసరం లేదు. వైరు మీదనే ప్రతి మీటరుకూ ఈ అక్షరాలు, ఐ.ఎస్.ఐ. గుర్తు, అడ్డుకోత చదరపు మిల్లీమీటర్లలో ఎంతో అచ్చువేసి ఉంటుంది. అచ్చులేని చుట్టను దుకాణదారు ఎంత తియ్యగా మాట్లాడినా తీసుకోకండి.

మంచి తొడుగు వేసినా అది ఉడకడానికి కారణం మన చేతులలోనే ఉన్నది. మామూలు పి.వి.సి. తొడుగు లోపలి తీగె 70 డిగ్రీల వేడివరకే ఓర్చుకొనేటట్లు చేసినది. తీగెలో కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూడింతలైతే తొమ్మిది రెట్లు. 5 హార్సుపవరు త్రీఫేజు మోటారు సరిగా నడిస్తే ఫేజుకు సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. నడుస్తూ ఉండగా ఒక ఫేజు పోయిందనుకోండి, మిగిలిన రెండింటిలో కరెంటు ఒకటింముప్పావు రెట్లకు పోతుంది. అప్పుడు స్టార్టరులోని రిలే ఆపవలెను. చాలాచోట్ల ఆ రిలేను తప్పించి, ఫ్యూజులో సన్నతీగె బదులు దొడ్డు రాగితీగె చుట్టి ఉంటారు. ఇక ఆపేదెవరు? 2018 జనవరి 1నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు ప్రకటించినప్పుడు ఆటోస్టార్టర్లు తీసివేయమని ఎన్నో ఊళ్ళలో చెప్పినారు. నీటికోసం చెప్పినమాట అది. నిప్పుకోసం కూడా అదే మాట చెప్పాలి. ఆటోస్టార్టరు ఉంటే అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు మోటారు తనంతట తానే లేస్తుంది. ఫేజు లేకపోయినా, జాయింటు వదులైనా చూచేవాడు ఉండడు.

జాయింటు సంగతి విడిగా చెప్పాలి. రెండు తీగెలు మెలిపెట్టి, పైన పాలిథీను కవరు ముక్క చుట్టి, పురికొస కట్టే అలవాటు మనవారికి ఉన్నది. మెలిక వదులైనచోట తీగె వేడెక్కుతుంది. రాగిని అల్యూమినియానికి మెలిపెడితే ఇంకా త్వరగా చెడుతుంది. పాలిథీను పి.వి.సి. కాదు, మీ డ్రిప్పు గొట్టాల జాతి. దానికి నిప్పు తగిలితే మైనంలాగా కరిగి, మండుతున్న బొట్లు బొట్లుగా క్రింద రాలుతుంది. ఆ క్రింద పత్తి కుప్ప ఉంటే? వరిగడ్డి ఉంటే? మంచి ధర వచ్చేదాకా పత్తిని ఇంట్లోనే, గదికప్పుదాకా పోసుకొంటాము గదా. ఆ గదిలో జాయింటు ఉండరాదు, వేలాడే వైరు ఉండరాదు. పత్తి ఉన్నన్నాళ్ళు ఆ గది లైనును బయటనే ఆపివేయడం అన్నిటికంటె మేలు. సరుకు తీయవలసివస్తే చేతిలైటు చాలు.

బ్రేకరు పెట్టించినాము, అది పడిపోతుంది గదా అంటారు. వదులు జాయింటులో కరెంటు ఎప్పటి అంతే ఉంటుంది, ఒక్కచోట వేడి మాత్రం పుడుతుంది. కరెంటు పెరగనిదే బ్రేకరుకు ఆ సంగతి తెలియదు. కాబట్టి ఏడాదికొకసారి వానాకాలం ముందు మెయిను ఆపించి, జాయింట్లు, స్టార్టరు మరలు బిగించుకోవాలి. స్టార్టరు డబ్బాలో కందిరీగ గూడు, పిట్టగూడు, గడ్డిపోచలు లేకుండా చూడాలి. ఎండలో పడి ఉన్న వైరులో మెత్తదనం పోయి, వంచితే పటపట పగులుతుంది. అటువంటిదాన్ని టేపు చుట్టి కొనసాగించకండి. ఎలుకలు, పందికొక్కులు కొరికిన వైరు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

పశువుల కొట్టానికి వేసే వైరు గొట్టంలో పోవాలి. గడ్డికప్పుకు ఆనించి పోరాదు. పశువులను ఇనుప గొలుసుకు ముడివేసి కట్టేవారు పొగవచ్చినప్పుడు ఒక్క ఊపులో విప్పలేరు. లాగితే ఊడే ముడి వేయండి.

తార్నాక గదుల సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన వేసవిలో పనిమీద వెళ్ళి, మా ఊరి కుర్రవాడు ఉండే గది చూచినాను. పదడుగుల గది, ముగ్గురు పిల్లలు. గోడకు ఒక్కటే ప్లగ్గు. దానినుంచి ఎక్స్‌టెన్షను బోర్డు. దానిమీద వంటకు ఇండక్షను పొయ్యి 2000 వాట్లు, నీళ్ళు కాచుకొనే రాడు 1500 వాట్లు, ఇస్త్రీపెట్టె 1000 వాట్లు. మూడూ ఒక్కసారి పెడితే 230 వోల్టులమీద 19 ఆంపియర్లు దాటుతుంది. ఆ బోర్డు 6 ఆంపియర్లకు చేసినది. వేడి పది రెట్లకు మించుతుంది. తీగె పట్టుకొని చూస్తే వెచ్చగా ఉన్నది. అది మంచం క్రింద, పుస్తకాల కట్టల వెనుకగా పోతున్నది.

“ఎప్పుడూ మూడు పెట్టం సార్, పరీక్షప్పుడే” అన్నాడు పిల్లవాడు. పరీక్షప్పుడు మాత్రం తీగె సెలవు తీసుకొంటుందా?

క్రిందికి దిగేటప్పుడు మెట్ల క్రింద చూచినాను. ఏడెనిమిది మీటర్లు ఒక చెక్కబోర్డు మీద. దాని ముందు మోటారు సైకిళ్ళు, పాత అట్టపెట్టెలు. ఇంట్లో ఉన్నవారందరికీ బయటికి దారి అదొక్కటే. నిప్పు పుట్టడానికి అనువైనచోటే పొగ పైకి పోవడానికి గొట్టంలా ఉన్నది. మీరు ఈసారి బియ్యం, పచ్చడి తీసుకొని పిల్లలను చూడబోయినప్పుడు అద్దె ఎంత అని అడిగే ముందు ఆ మెట్ల క్రిందికి ఒకసారి తొంగిచూడండి. మీటర్ల ముందు సామాను తీయమని ఇంటివారిని అడగండి. కిటికీకి ఇనుప జాలీ బిగించి, రెండవ దారి లేని గది తీసుకోకండి. మీరు అడిగితే పెద్దవారు అడిగినారని వింటారు, పిల్లలు అడిగితే వినరు. పొయ్యికి, రాడుకు 16 ఆంపియర్ల ప్లగ్గు విడిగా ఉండాలని కూడా చెప్పండి.

పొగ వచ్చినప్పుడు చేయవలసినది పిల్లలకూ చెప్పండి, ఇంట్లోనూ చెప్పుకోండి. చేతికి అందుబాటులో, పొగ లేనిచోట ఉంటేనే మెయిను ఆపండి. కరెంటున్న తీగెమీద నీళ్ళు పోయకండి. చిన్నదైతే పొడిమన్ను, ఇసుక, లేక పొడి చల్లే అగ్నిమాపక సిలిండరు వాడవచ్చును. పొగ వేడికి పైకి పోతుంది కాబట్టి నేలబారుగా ప్రాకి బయటపడాలి. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొంటే ఆమ్లపు ఆవిరి కొంత ఆ తడిలో కరుగుతుంది, గొంతు కాస్త తేలికపడుతుంది. కార్బన్ మోనాక్సైడు మాత్రం తడిగుడ్డకు ఆగదు. అందుచేత గుడ్డ ఉన్నది గదా అని సర్టిఫికెట్లకోసం, డబ్బుకోసం లోపలికి తిరిగి పోరాదు. మెట్లనిండా పొగ ఉంటే గదిలోనే ఉండి, తలుపు మూసి, సందులలో తడిబట్ట కుక్కి, కిటికీ దగ్గర కేకవేయాలి. అగ్నిమాపక దళానికి 101, ఏ ఆపదకైనా 112. పొలంలో లైను ఆపించవలసివస్తే విద్యుత్ సంస్థవారి 1912. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర స్విచ్చి మీరే లాగబోకండి.

నిప్పు ఆరిన తరువాత కూడా కొంత పని ఉన్నది. ఆ మసిలో ఆమ్లం ఉంటుంది. స్టార్టరు, మోటారు మరలమీద అది పడితే కొద్దిరోజులలోనే త్రుప్పు పడుతుంది. వాటిని వైండరుకు చూపించి శుభ్రం చేయించాలి. మసిపడిన గడ్డి పశువులకు వేయరాదు.

ఇక పాత వైరు. బోరు కేబులు చెడితే రాగికోసం పొలంగట్టున కుప్పవేసి కాల్చేవారు ఉన్నారు. పి.వి.సి.ని రాగితో కలిపి కాల్చితే డయాక్సిన్లు అనే విషాలు పుడతవి. అవి బూడిదతో గడ్డిమీద పడి, పశువు తింటే కొవ్వులో నిలిచి, పాలలోనికి వస్తవి. ఆ పాలు త్రాగేది మన ఇంటి పిల్లలే. వైరు కాల్చకుండా కత్తితో నిలువునా చీల్చి, తొడుగు ఒలిచి, రాగి అమ్ముకోండి. కాల్చిన రాగికంటె ఒలిచిన రాగికి రంగు చెడదు గనుక పాతసామానువాడు ధర కూడా ఎక్కువే కడతాడు.